వంటచెరకులో తరిణి కర్ర ఎంపిక

వంటచెరకులో తరిణి కర్ర ఎంపిక అనగా పొయ్యి కొరకు కట్టెలు ఏరి, చీల్చి, పేర్చే సమయంలోనే, లేత్ మీద తిప్పుతూ ఉలితో చెక్కడానికి అనువైన ముక్కలను గుర్తించి వేరుగా తీసిపెట్టడం. కర్రను తిప్పుతూ గుండ్రంగా చెక్కే పనిని తరిణి పట్టడం అంటారు. బొంగరాలు, లక్కపిడతలు, అప్పడాల కర్రలు, పప్పు గుత్తులు, కుంకుమ భరిణెలు, మంచం కోళ్ళు, ఊయల కొయ్యలు మొదలైనవి ఈ విధంగా తయారవుతాయి. వీటిలో చాలావాటికి పెద్ద దుంగలు అవసరం లేదు. జానెడు పొడవు, పిడికెడు మందం ఉన్న కొమ్మ సరిపోతుంది. అంతటి కొమ్మలు సాధారణంగా చేరేది కట్టెల మోపులోనికే. అందువలన ఒక కర్ర బొమ్మ అవుతుందా, బూడిద అవుతుందా అన్నది చాలా సందర్భాలలో కట్టెలు పేర్చేవారి చేతిలోనే తేలిపోతుంది.

నేపథ్యం

తెలుగు ప్రాంతంలో తరిణి పనికి అన్నిటికంటె పేరు పొందిన ఊరు ఏటికొప్పాక. ఇది వరాహ నది ఒడ్డున, ఎలమంచిలికి సమీపంలో ఉన్నది. పూర్వం విశాఖపట్నం జిల్లాలో భాగమైన ఈ గ్రామం 2022లో జరిగిన జిల్లాల పునర్విభజనతో అనకాపల్లి జిల్లాలోనికి వచ్చింది. ఇక్కడి లక్క బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. సహజ రంగుల వాడకాన్ని తిరిగి ప్రచారంలోనికి తెచ్చిన సి.వి.రాజుకు 2023లో పద్మశ్రీ పురస్కారం ప్రకటించారు. 2025 గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం ఏటికొప్పాక బొమ్మల ఇతివృత్తంతో రూపొందింది.

కొండపల్లి, నిర్మల్ బొమ్మలను కూడా కొందరు తరిణి పట్టిన బొమ్మలుగా భావిస్తారు. అది సరికాదు. ఆ రెండు చోట్ల తేలికైన పొణికి కర్రను చేతి పనిముట్లతో చెక్కి రంగులు వేస్తారు. ఏటికొప్పాకలో మాత్రం అంకుడు కర్రను లేత్ మీద తిప్పి చెక్కుతారు. కర్ణాటకలోని చెన్నపట్న బొమ్మలకు కూడా ఇదే జాతి కర్రను వాడతారు.

పొయ్యికి కావలసిన కర్ర, తరిణికి కావలసిన కర్ర

కర్ర ఒకటే అయినా ఈ రెండు అవసరాలు దాదాపు పరస్పర విరుద్ధమైనవి. పొయ్యిలో పెట్టే కట్టె వీలైనంత త్వరగా ఆరాలి. ఆరేటప్పుడు పగిలినా నష్టం లేదు, పైగా పగుళ్ళు ఉన్న కట్టె సులభంగా అంటుకుంటుంది. తరిణి పట్టవలసిన కర్ర నెమ్మదిగా ఆరాలి. ఒక్క పగులు ఏర్పడినా అది పనికిరాకుండా పోవచ్చు, లేత్ మీద తిరిగేటప్పుడు విడిపోయి ప్రమాదం కలిగించవచ్చు. కాబట్టి మంచి ముక్కను గుర్తించడం ఒక్కటే చాలదు. గుర్తించిన వెంటనే దానిని కుప్ప నుండి వేరుచేసి నీడకు చేర్చాలి. ఎండలో పేర్చిన కుప్పలో కొద్ది రోజులు ఉంచినా దాని చివరలు పగలడం మొదలవుతుంది.

కర్రలో నీరు

పచ్చి కర్ర బరువులో సగం వరకు, కొన్ని జాతులలో అంతకంటె ఎక్కువగా కూడా నీరు ఉంటుంది. గాలికి బాగా ఆరిన కర్రలో ఇది 15 నుండి 20 శాతానికి తగ్గుతుంది. పచ్చి కట్టెను మండించినప్పుడు అందులోని ఒక్కొక్క కిలో నీటిని ఆవిరి చేయడానికి సుమారు 600 కిలో కేలరీల వేడి ఖర్చవుతుంది. ఆ మేరకు వంటకు అందే వేడి తగ్గి పొగ పెరుగుతుంది. ఈ పొగ కళ్ళకు, ఊపిరితిత్తులకు హాని కలిగిస్తుంది.

కట్టెలు కొనేవారికి కూడా ఈ లెక్క ఉపయోగపడుతుంది. అడితిలో కట్టెలు తూకానికి అమ్ముతారు. బరువులో సగం నీరు ఉన్న 100 కిలోల పచ్చి కట్టెలు కొంటే అందులో అసలు కర్ర 50 కిలోలే. నీటి శాతం 20కి తగ్గే వరకు ఆరబెట్టి తిరిగి తూచితే అవి 62.5 కిలోలు మాత్రమే ఉంటాయి. మిగిలిన 37.5 కిలోలకు కొన్నవారు చెల్లించినది నీటి ధరే.

తరిణి పనిలో నీటి ప్రభావం మరొక విధంగా ఉంటుంది. మొదట కర్ర కణాల బోలులో ఉన్న నీరు పోతుంది. ఈ దశలో కర్ర బరువు తగ్గుతుంది కాని కొలతలు మారవు. నీరు (పొడి కర్ర బరువుతో పోల్చినప్పుడు) సుమారు 30 శాతం కంటె తగ్గిన తరువాత కణాల గోడలలోని నీరు పోవడం మొదలై కర్ర ముడుచుకుంటుంది. ఈ ముడుత అన్ని వైపులా సమానంగా ఉండదు. నిలువు పొడవులో అది అతి స్వల్పం. వలయాల వెంబడి వచ్చే ముడుత, నడిమి నుండి బెరడు వైపుకు వచ్చే ముడుతకు దాదాపు రెట్టింపు. అందువలన గుండ్రని దుంగను అలాగే ఆరబెడితే చుట్టుకొలత తగ్గడానికి వీలు లేక, బెరడు నుండి నడిమి వరకు పగులు వస్తుంది. దుంగను నడిమి దవ్వ గుండా రెండు బద్దలుగా చీల్చితే ఈ బిగువు సడలుతుంది. ఒక ముక్కను కాపాడడానికి ముందుగా దానిని చీల్చవలసి రావడానికి కారణం ఇదే.

సేకరణ

వర్షాకాలానికి సరిపడా కట్టెలను వేసవిలోనే సమకూర్చుకోవడం పల్లెలలో ఆనవాయితీ. మృగశిర కార్తె వచ్చే లోపు కట్టెలు ఇంటికి చేరి కప్పు కింద ఉండాలని పెద్దలు భావించేవారు. పొలం గట్ల మీద, చెరువు గట్ల మీద ఎండి రాలిన కొమ్మలు, తోటలలో కత్తిరించిన కొమ్మలు, గాలివానకు విరిగిన చెట్లు ప్రధాన వనరులు. గాలివాన తరువాత దొరికే కర్ర తరిణి పనికి ప్రత్యేకంగా అనువైనది. అది పచ్చిగా ఉంటుంది, పురుగు పట్టి ఉండదు, దాని కొరకు చెట్టును నరకవలసిన అవసరం లేదు.

కట్టెలు ఏరి మోపులుగా తలపై మోసుకొని వచ్చే పని పల్లెలలో ఎక్కువగా స్త్రీలే చేస్తూ వచ్చారు. ఏ కర్ర నిలిచి మండుతుంది, ఏది పొగ చూరుతుంది, ఏది గొడ్డలికి లొంగదు అన్న పరిజ్ఞానం వారికి అనుభవంతో అబ్బింది. పనివాడు పేరు పెట్టి అడిగే జాతిని బెరడు చూసి, ఆకు చూసి మోపులో నుండి విడదీయగలిగేది కూడా ఇటువంటివారే. బొమ్మల గురించి వ్రాసిన చోట ఈ పరిజ్ఞానం ప్రస్తావనకు రావడం అరుదు.

మూడు దశలలో పరిశీలన

1. ఏరేటప్పుడు: కొమ్మ నిటారుగా ఉన్నదా, బెరడు అంటుకొని ఉన్నదా, పురుగు రంధ్రాలు, వాటి నుండి రాలే పొడి ఉన్నాయా అని చూడాలి. కోసిన చివర నడిమి దవ్వ సరిగా మధ్యలో ఉండాలి. పక్కకు వాలి పెరిగిన కొమ్మలలో దవ్వ ఒక వైపుకు జరిగి ఉంటుంది. అటువంటి కర్రలో లోపల బిగువు ఉండుట వలన ఆరేటప్పుడు వంగుతుంది. ఉలి తగిలినప్పుడు నునుపు రాక నూగు లేస్తుంది.

2. చీల్చేటప్పుడు: కర్ర లోపలి రంగు, పోగుల తీరు మొదటిసారి కనబడేది ఈ దశలోనే. ఒక్క దెబ్బకు సూటిగా చీలిన కర్ర పోగు నిలువుగా ఉన్నదని అర్థం. అది గుత్తులకు, కోళ్ళకు మంచిది. ఎన్ని దెబ్బలు కొట్టినా గొడ్డలికి లొంగని ముక్కను విసుగుతో పొయ్యి పక్కన పడవేయడం సహజం. కాని చాలాసార్లు అదే విలువైన ముక్క. రెండు కొమ్మలు విడిపోయే పంగలోను, చెట్టు మొదట్లో వచ్చే బుడిపెలలోను పోగులు ఒకదానితో ఒకటి అల్లుకొని ఉంటాయి. అటువంటి కర్రను గిన్నెగా తరిణి పడితే ఈకల వంటి, అలల వంటి చారలు కనిపిస్తాయి.

3. పేర్చేటప్పుడు: ప్రతి ముక్కా చేతిలోనికి వస్తుంది కనుక బరువు, శబ్దం తెలుస్తాయి. రెండు ముక్కలను తాటించినప్పుడు ఖంగుమని మ్రోగితే కర్ర గట్టిగా, పొడిగా ఉన్నట్లు. బొద్దుగా వినిపిస్తే పచ్చిగానో, లోపల గుల్లగానో ఉన్నట్లు.

వివిధ జాతుల గుణాలు

* అంకుడు (శాస్త్రీయ నామం: రైటియా టింక్టోరియా): దీనిని పాలకొడిశ అని కూడా అంటారు. అపోసైనేసి కుటుంబానికి చెందిన చిన్న చెట్టు. కర్ర తెల్లగా, మెత్తగా, సన్నని పోగుతో ఉంటుంది. పొయ్యిలో తుమ్మలాగా నిలవదు, త్వరగా కాలిపోతుంది. తరిణి పనికి మాత్రం దీనికి సాటి లేదు. కట్టెగా తక్కువ విలువ కట్టే కర్రే బొమ్మగా ఎక్కువ విలువ పొందడానికి ఇది చక్కని ఉదాహరణ.
* నల్ల తుమ్మ: నిలిచి మండే మంచి వంటచెరకు. చేవ ఎర్రని గోధుమ రంగులో గట్టిగా ఉంటుంది. బండి చక్రాలకు, నాగళ్ళకు, పనిముట్ల పిడులకు వాడతారు.
* సర్కారు తుమ్మ: అమెరికా ఖండాల నుండి వచ్చిన ముళ్ళ చెట్టు. వంటచెరకుగా, బొగ్గుగా విస్తారంగా వాడుకలో ఉన్నది. ఆరేటప్పుడు తక్కువగా ముడుచుకుంటుంది కనుక తరిణి పనికి అనుకూలం. అయితే కాండం వంకరగా ఉండుట వలన పొట్టి ముక్కలే దొరుకుతాయి.
* చింత: బరువైన, గట్టి కర్ర. ముదిరిన చెట్లలో నడుమ ముదురు రంగు చేవ ఉంటుంది. రోకళ్ళకు, మాంసం కొట్టే మొద్దులకు ప్రసిద్ధి.
* సరుగుడు: కోస్తా తీరంలోని తోటలలో పెంచుతారు. మంటకు శ్రేష్ఠం. కాని ఆరేటప్పుడు బాగా పగులుతుంది, వంగుతుంది. అందుచేత తరిణి పనికి సాధారణంగా ఎంచుకోరు.
* మామిడి: మంటకు మధ్యస్థం. ఉలికి తేలికగా లొంగుతుంది. తేమలో ఉంచితే త్వరగా మరకలు పడుతుంది, పురుగు పడుతుంది.
* వేప: మహాగని కుటుంబానికే చెందిన చెట్టు. చేవకు పురుగు అంతగా పట్టదు.
* జామ: దగ్గరి పోగు ఉన్న గట్టి కర్ర. కత్తిరించిన కొమ్మలు బొంగరాలకు, పిడులకు సరిపోతాయి.
* బిల్లుడు: బంగారు ఛాయలో మెరిసే కర్ర. దీని పొడి కొందరికి చర్మంపై దద్దురు కలిగిస్తుంది. ఈ జాతి అడవులలో తగ్గిపోతున్నది.

అంకుడును గుర్తించుట

పాలకొడిశ, కొడిశపాల అన్న పేర్ల వలన తరచు పొరపాటు జరుగుతుంది. పాలకొడిశ అంకుడు. కొడిశపాల (హోలారెనా ప్యూబెసెన్స్) వైద్యంలో వాడే వేరొక చెట్టు. రెండింటికీ తెల్లని పూలు, తుంచితే పాలు, జంటగా వేలాడే సన్నని పొడవాటి కాయలు ఉంటాయి. అంకుడు కాయల జంట లేతగా ఉన్నప్పుడు చివర కూడా కలిసి ఉండి వలయంలాగా కనిపిస్తుంది. కొడిశపాల కాయలు విడివిడిగా వేలాడుతాయి. అంకుడు ఆకుల నుండి పూర్వం నీలి రంగు తీసేవారు. శాస్త్రీయ నామంలోని రెండవ పదం రంగును సూచించడానికి కారణం ఇదే.

కట్టెలు పేర్చే విధానం

కట్టెలను నేలమీద నేరుగా పేర్చరాదు. రాళ్ళు లేదా రెండు వాసాలు అడుగున పరచి వాటిపై పేర్చితే చెమ్మ, చెదలు ఎక్కవు. గోడకు జానెడు ఎడం వదలాలి. గాలి వీచే దిక్కుకు కట్టెల చివరలు ఎదురుగా ఉండాలి, ఎందుకనగా కర్రలోని నీరు పక్కల కంటె చివరల నుండి ఎన్నో రెట్లు వేగంగా పోతుంది. రెండు చివరలందు ఒక వరుస నిలువుగా, ఒక వరుస అడ్డంగా పేర్చి స్తంభాలవలె కట్టితే కుప్ప జారదు. పై వరుసను బెరడు పైకి ఉండేటట్లు పెడితే వాన నీరు జారిపోతుంది. కప్పు పైన మాత్రమే ఉండాలి, పక్కలను మూసివేస్తే గాలి ఆడక బూజు పడుతుంది. కుప్పలో తేళ్ళు, పాములు చేరే అవకాశం ఉన్నది కనుక చీకటిలో చేయి పెట్టరాదు. కట్టెను లాగే ముందు కర్రతో తట్టడం మంచిది.

తరిణి ముక్కలను నిల్వ చేయుట

వేరు చేసిన ముక్కల విషయంలో పై పద్ధతికి భిన్నంగా వ్యవహరించాలి.

* కోసిన రోజే రెండు చివరలకు మైనం గాని, చిక్కని పాత రంగు గాని పూయాలి. దీనివలన చివరల నుండి నీరు వేగంగా పోక పగుళ్ళు తగ్గుతాయి.
* లావు దుంగలను దవ్వ గుండా చీల్చాలి. సన్నని కొమ్మలను చీల్చనవసరం లేదు.
* చివరలు కొంత పగిలినా కోసివేయడానికి వీలుగా, కావలసిన దానికంటె రెండు మూడు అంగుళాలు ఎక్కువ పొడవు ఉంచాలి.
* అంకుడు వంటి తెల్లని కర్రలకు తేమలో నీలి మరక శిలీంధ్రం పడుతుంది. వాటిని గాలి ఆడే నీడలో, ఒకదానికొకటి తాకకుండా ఉంచాలి.
* ముక్కపై చెట్టు పేరు, కోసిన తేదీ బొగ్గుతో గాని సుద్దతో గాని వ్రాయాలి. బెరడు ఊడిన తరువాత జాతిని పోల్చుకోవడం అనుభవజ్ఞులకు కూడా కష్టం.
* వారానికి ఒకసారి ఒక ముక్కను తూచి బరువు వ్రాసుకోవాలి. వరుసగా కొన్ని వారాలు బరువు మారకపోతే అది ఆరినట్లు.

గిన్నెల వంటి లోతైన వస్తువులకు మరొక పద్ధతి కలదు. పచ్చిగా ఉండగానే గోడ మందం గిన్నె వ్యాసంలో పదవ వంతు ఉండేటట్లు ముతకగా చెక్కి, నీడన ఆరబెట్టి, ఆరేటప్పుడు వచ్చిన వంకరను రెండవసారి లేత్ మీద సరిచేస్తారు.

తరిణి పని

కోళ్ళు, గుత్తులు, బొంగరాల వంటివాటికి కర్ర పోగు లేత్ ఇరుసుకు సమాంతరంగా ఉండేటట్లు బిగిస్తారు. గిన్నెలకు సాధారణంగా పోగు అడ్డంగా ఉంటుంది. పూర్వం ఒకరు తాడుతో కర్రను తిప్పుతుండగా మరొకరు చెక్కేవారు. తరువాత విద్యుత్ మోటారు లేత్‌లు వచ్చాయి. ఏటికొప్పాకలో ఆకారం వచ్చిన తరువాత తిరుగుతున్న బొమ్మకు రంగు కలిపిన లక్క కడ్డీని ఒత్తిపెడతారు. రాపిడి వేడికి లక్క కరిగి పలుచని పొరగా అంటుకుంటుంది. పిదప మొగలి ఆకుతో ఒత్తి మెరుగు పెడతారు. పసుపు, నీలి, జాఫ్రా మొదలైన వాటి నుండి సహజ రంగులు తీస్తారు. పిల్లలు నోట్లో పెట్టుకొనే వస్తువులకు ఇవి క్షేమకరం.

జాగ్రత్తలు

గన్నేరు విషపూరితమైనది. దానిని పొయ్యిలో కాల్చరాదు, తినే వస్తువులు పెట్టే పాత్రలకు వాడరాదు. నల్లజీడి రసం ఒంటికి తగిలితే పుండ్లు పడతాయి. పాత తలుపులు, పెట్టెల చెక్కలలో మేకులు ఉండవచ్చు, రంగులలో సీసం ఉండవచ్చు. లేత్ మీద పని చేసేటప్పుడు కళ్ళద్దాలు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి. వదులు దుస్తులు, వేలాడే కొంగు, ఉంగరాలు ప్రమాదకరం.

చట్టం

రిజర్వు అడవి నుండి అనుమతి లేకుండా కలప తీయడం నేరం. సొంత స్థలంలోని చెట్టును నరకడానికి కూడా 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) ప్రకారం అనుమతి అవసరం కావచ్చు. 2006 నాటి అటవీ హక్కుల గుర్తింపు చట్టం అడవిపై ఆధారపడిన గిరిజనులకు, ఇతర సంప్రదాయ నివాసులకు చిన్న తరహా అటవీ ఉత్పత్తులపై హక్కు కల్పించింది. వెదురు, లక్కలతో పాటు చిన్న పొదల కర్ర, మోళ్ళు కూడా ఆ ఉత్పత్తులలో చేరుతాయి. ఎర్రచందనం విషయంలో నియమాలు మరింత కఠినం. ఆ చెట్టు కర్రను అడవిలో రాలిన పుల్ల అని కూడా తీసుకొని రారాదు.

ప్రస్తుత స్థితి

1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన దీపం పథకం, 2016లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన ఉజ్వల పథకం వంటివాటి వలన వంటగ్యాసు పల్లెలకు చేరింది. పొగ బాధ, మోపుల శ్రమ తగ్గడం మేలైన మార్పు. అదే సమయంలో కర్రను చూసి జాతి చెప్పగల పరిజ్ఞానం కొత్త తరానికి అందడం లేదు. తోటలలో కత్తిరించిన కొమ్మలు, గాలివానకు కూలిన చెట్లు ఇప్పుడు తరచు అక్కడికక్కడే కాల్చివేయబడుతున్నాయి.

మరోవైపు అంకుడు కర్ర కొరత ఏటికొప్పాక పనివారి ప్రధాన సమస్యలలో ఒకటి. అంకుడు చెట్టును కొట్టిన మోడు నుండి తిరిగి చిగుళ్ళు వస్తాయి. మోడును బ్రతకనిచ్చి, కొమ్మలను మాత్రమే వంతులవారీగా కోస్తే అదే చెట్టు మళ్ళీ మళ్ళీ కర్రనిస్తుంది. వేళ్ళతో పెకలిస్తే ఇవ్వదు. పొలం గట్ల మీద, పాఠశాల ఆవరణలలో అంకుడు మొక్కలు నాటడం, కత్తిరించిన కొమ్మలను కాల్చే ముందు ఒకసారి పరిశీలించడం ఈ కొరతను కొంతవరకు తీర్చగలవు. ఒక లక్కపిడతకు కావలసిన కర్ర ఒక పూట పొయ్యిలో కాలే కట్టెలో చిన్న భాగం మాత్రమే.

ఇవి కూడా చూడండి

* ఏటికొప్పాక
* అంకుడు
* లక్క
* కొండపల్లి బొమ్మలు
* సర్కారు తుమ్మ